ఉండిపోయినవాళ్ళ బాకీ

హిమాయత్‌నగర్‌లో అపార్ట్‌మెంట్ కాని ఇల్లు కనిపించడమే ఇప్పుడు వింత. మా పక్కింటివాళ్ళది అలాంటి ఒక వింత. కింద షాబాద్ బండలు, డంగు సున్నం గోడలు, వెనక మామిడి చెట్టు. కట్టించిన పెద్దమనిషికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన చరిత్ర లెక్చరర్‌గా రిటైరై ఆ ఇంట్లోనే ఉన్నారు. చిన్నాయన పోయాక ఆ సగం వాటా ఆయన ఒక్కగానొక్క కూతురిది. ఆమె ఉండేది ఆస్ట్రేలియాలో, పర్త్‌లో. బిల్డర్ వచ్చి చెరిసగం లెక్కన డెవలప్‌మెంట్‌కు అడిగాడు.

మామూలుగా అయితే ముసలాయన వద్దనాలి, విదేశం పిల్ల తెగ్గొట్టేద్దామనాలి. ఇక్కడ తిరగబడింది. సంతకం పెట్టేద్దామంటున్నది పెద్దాయన. ససేమిరా అంటున్నది అమ్మాయి. మూడో కుర్చీలో నేను, చాయ్ తాగే పని మీద. వాటాల మాట ఎంతోసేపు సాగలేదు. ఇద్దరూ నిజాం మనవడు ముకర్రం జా మీద పడ్డారు. ఒకరి గుట్టు ఒకరు నేరుగా అడగలేనప్పుడు, పోయినవాళ్ళను మధ్యలో పెట్టుకుని పోట్లాడుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే.

అమ్మాయి: పెద్దనాన్నా, మీరొకసారి మా దగ్గరికి వస్తే మర్చిసన్ హౌస్ వైపు తీసుకుపోతా. పర్త్ నుంచి ఉత్తరానికి కారులో ఆరు గంటలు. కాల్‌బారీ అనే ఊరి పక్కన. ఎర్రమన్ను, రాతిగుట్టలు, వాటి మధ్యలో నది. మన నిజాం మనవడు కొన్న గొర్రెల స్టేషన్ అదే. దాదాపు అయిదు లక్షల ఎకరాలు.

పెద్దనాన్న: గొర్రెల కోసం గద్దె ఇడిసిపెట్టిన మనిషి జాగ చూడనీకి గంతదూరం రావాల్నా? ఈడ చౌమహల్లా ఉన్నది, మూసీ దాటితే చాలు.

అమ్మాయి: గొర్రెల కోసం కాదు. ఆయన అక్కడ నీలం ఓవరాల్స్ వేసుకుని బుల్డోజర్ నడిపేవాడు. ఇంజన్లంటే ప్రాణం. ఊడదీసి బిగించుకుంటూ కూర్చునేవాడు. డూన్ స్కూలు, హారో, కేంబ్రిడ్జి, ఇవన్నీ ఇంట్లోవాళ్ళు రాసిపెట్టినవి. ఆ జిడ్డు చేతులు మాత్రం ఆయన కోరి తెచ్చుకున్నవి. ఒక మనిషి తనకు ఏది ఇష్టమో తెలుసుకుని దాని దగ్గరికి పోతే, మనం పారిపోయాడంటాం.

పెద్దనాన్న: లెక్క చెప్త, ఇను. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24 నాడు పోయిండు. ఏప్రిల్‌ల చౌమహల్లాల ఈయనకు పట్టం కట్టిన్రు. అప్పటికి ఆ ప్యాలెస్‌లను నమ్ముకొని బతికే జీతగాళ్ళు పద్నాలుగు వేలకు పైన. తాత బేగంలు, వాళ్ళ పిల్లలు, మనుమలు వేరే. అందరికీ ఒక్క నెలల జీతం పడాలె. 1971ల రాజభరణాలు రద్దయినయ్. మీదికెల్లి వారసుల కేసులు. గిసుంటి యాళ్ళ నాకు ఇంజన్లంటే ఇష్టం అని ఓడ ఎక్కితే, ఆ జీతగాని ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది?

అమ్మాయి: ఆయన చేతిలో పెట్టింది రాజ్యమైతే మీరన్నది ఒప్పుకుందును. రాజ్యం 1948లోనే పోయింది. ముప్ఫైమూడేళ్ళ మనిషి చేతిలో పెట్టింది జీతాల పట్టీ. అది కూడా తాత మోజుల జీతాల పట్టీ. వారసత్వం అంటే తాత చేసిన అప్పుకు మనవడు జామీను ఉండడమా?

పెద్దనాన్న: అప్పు ఒక్కటే ఎందుకు చెప్తవ్? ఆస్తి కూడా ఉండె కదా. ఆస్తి తీసుకునేటప్పుడు ఎవ్వడూ నాకు ఇంజన్లంటే ఇష్టం అనడు.

(ఇక్కడ పెద్దాయన గెలిచారని నాకనిపించింది. అమ్మాయికి కూడా అనిపించినట్టుంది, మాట ముకర్రం జా తండ్రి మీదికి తిప్పింది.)

అమ్మాయి: ఆ గద్దె అసలు ఆయనకు రావలసింది కూడా కాదు కదా.

పెద్దనాన్న: కాదు. మన బస్తీ ఎవరి పేరు మీద ఉన్నదో, ఆయనకు రావాలె. హిమాయత్ అలీ ఖాన్, ఆజం జా. నిజాంకు పెద్దకొడుకు. సైఫాబాద్‌ల బెల్లా విస్టా ఆయన ఉన్న బంగ్లనే, ఇయ్యాల స్టాఫ్ కాలేజీ ఉన్న జాగ. బేరార్ యువరాజు అని బిరుదు. ఖర్చులు శాన, అప్పులు శాన. తండ్రేమో పైసకు పైస చూసుకునే మనిషి. 1954ల కొడుకును పక్కకు పెట్టి మనుమన్ని వారసుడని చెప్పిండు. కొడుకు బతికుండంగనే. తర్వాత పదహారేండ్లు ఆయన ఈ ఊర్లనే ఎట్ల తిరిగిండో ఏమో. 1970ల పోయిండు. లిబర్టీ చౌరస్తాల నిలబడి హిమాయత్ ఎవరని అడుగు, చెప్పేటోడు ఒక్కడు దొరికితే నాకు చెప్పు.

అమ్మాయి: అదే నేననేది. ఆ ఇంట్లో ఎవరికి ఎవరి ప్రేమ దొరికింది? తండ్రి ముఖం చూసి తాత మొహం తిప్పుకున్నాడు. ఆ తండ్రి కుర్చీనే కొడుక్కి ఇచ్చారు. అందులో కూర్చున్న ప్రతిరోజూ నాన్నను లేపి కూర్చున్నట్టే ఉంటుంది కదా. నేనైతే పర్త్ కన్నా దూరం పోయేదాన్ని.

పెద్దనాన్న: నువ్వు పర్త్ పోయింది కుర్చీ కోసం కాదు కదా. నీ కుర్చీ ఎవరూ గుంజుకోలేదు.

అమ్మాయి: నా సంగతి తర్వాత.

పెద్దనాన్న: సరే, తర్వాతనే. అయితే ఆ ఇంట్ల మొగోళ్ళను ఇడువు, కోడండ్లను చూడు. ఇద్దరు అక్కచెల్లెండ్ల వరుస పిల్లలు. దుర్రుషెహవార్ ఆఖరు ఖలీఫా బిడ్డ, నిలోఫర్ ఆ వంశపుదే. 1924ల టర్కీకెల్లి కుటుంబాలను కుటుంబాలనే ఎల్లగొట్టిన్రు. ఒకామెకు పదేండ్లు, ఇంకో పిల్లకు ఎనిమిది. 1931 నవంబర్‌ల ఫ్రాన్స్‌ల, నీస్ పట్నంల, ఒక్కటే నాడు ఆజం జా, మొజం జా అన్నదమ్ములిద్దరికీ ఇచ్చి చేసిన్రు. ఊరు లేదు, దేశం లేదు, భాష కొత్త. ఈడికి వచ్చి ఏం చేసిన్రు? అన్నదమ్ముల పేర్లు ఏడున్నయ్? పెద్దోనిది మన బస్తీకి, చిన్నోనిది మొజంజాహీ మార్కెట్‌కు. కోడండ్ల పేర్లు ఏడున్నయ్? రెండూ దవాఖానలకే. దుర్రుషెహవార్ పురానీ హవేలీ కాడ, నిలోఫర్ రెడ్‌హిల్స్‌ల.

అమ్మాయి: మొజం జాను మరీ తీసిపారెయ్యకండి. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నడిపాడని మీరే చెప్పేవాళ్ళు.

పెద్దనాన్న: నడిపిండు, నేను కాదంటలేను. కవిత్వం కూడా రాసిండు. కానీ నిలోఫర్ కథ వేరు. ఆమెకు పిల్లలు కాలేదు. పిల్లలు కాని మనిషిని మన సమాజం ఎట్ల చూస్తదో నీకు నేను చెప్పాల్నా, అంతఃపురమైనా గంతే. ఇంట్ల పనిచేసే రఫత్ అనే పిల్ల కాన్పుల పానం ఇడిసింది. ఇంకే తల్లికీ ఇట్ల కావొద్దని ఈమె పట్టుబట్టింది. 1953 నుంచి ఆ దవాఖాన నడుస్తనే ఉన్నది. తన కడుపున ఒక్కరు పుట్టలే, ఆమె పేరు మీద ఎంతమంది పుట్టిన్రో లెక్కలేదు. నువ్వు పుట్టింది ఆడనే. వానల ఆటో దొరకక, మీ అమ్మను రిక్షాల కూర్చోబెట్టి, లక్డీకాపూల్ ఎత్తుకాడ నేను ఎనకనుంచి నూకిన. మీ నాయిన డ్యూటీల ఉండె.

అమ్మాయి: రిక్షా నూకిన సంగతి నాకు బాగా గుర్తుంది పెద్దనాన్నా. ప్రతి పుట్టినరోజుకూ వింటాను.

(ఈ మాట ఆమె నవ్వుతూనే అన్నది. ఆయన నవ్వలేదు.)

అమ్మాయి: సరే, నిలోఫర్. గొప్ప మనిషే. కానీ ఆమె కూడా పోయింది కదా? 1952లో విడాకులు. తర్వాత ఇంకొకరిని చేసుకుంది, 1989లో పారిస్‌లో పోయింది. ఉంటేనే జీవితానికి అర్థం అని మీరు గీసిన గీతలో ఆమె పట్టదు. ఇక్కడ చెయ్యాల్సింది చేసింది, తనకు తగిన బతుకు వెతుక్కుంటూ వెళ్ళింది. ముకర్రం జా తప్పు చేశాడంటే ఆమెదీ తప్పే కావాలి.

పెద్దనాన్న: ఆమె ఒకటి నిలబెట్టి పోయింది. ఈయన నిలబడ్డది ఇడిసి పోయిండు. ఫలక్‌నుమాకు తాళాలు. చౌమహల్లాల పావురాలు. అక్కడ ఆస్ట్రేలియాల కూడా ఏం మిగిలె? అప్పుల కింద ఆడి ఆస్తులు కూడా పాయె, 1990లల్ల టర్కీ చేరిండు. 1995ల నిజాం నగలను భారత సర్కారు 218 కోట్లకు కొంటే అవి కూడా వారసులకు పంచనీకే సరిపాయె. ఇష్టమైన పని చేసిండంటవ్. ఇష్టం కూడా కాపాడుకోవాలె కదా బిడ్డా, ఇష్టమొక్కటే సరిపోతదా?

అమ్మాయి: సరిపోదు. ఓడిపోయాడు, ఒప్పుకుంటా. ఓడిపోవడం వేరు, తప్పు చెయ్యడం వేరు.

పెద్దనాన్న: మరి ఆ ఇల్లంతా మల్ల ఎవరు సర్దిన్రు?

అమ్మాయి: ఎస్రా. అదే నాకు అన్నిటికన్నా మంట.

(దీని కోసమే ఆమె ఇంతసేపూ కాచుకున్నట్టుంది. కుర్చీ ముందుకు జరుపుకుంది.)

అమ్మాయి: 1959లో చేసుకున్న మొదటి భార్య. డెబ్భైలలో విడిపోయారు. ఆయన ఆ తర్వాత నాలుగు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. ఇరవై ఏళ్ళు గడిచి, అన్నీ మునిగాక, అందరికీ గుర్తొచ్చింది ఆమె. వేలమంది వారసులతో లాయర్లను పెట్టి తెగేదాకా మాట్లాడించింది. చౌమహల్లా దుమ్ము దులిపి 2005లో జనానికి తలుపులు తీసింది. 2010లో దానికి యునెస్కో అవార్డు వచ్చింది, అదే ఏడు ఫలక్‌నుమా తాజ్ హోటల్‌గా తెరిచారు. ఇవన్నీ మీరు మెచ్చుకుంటారు. ఇల్లు నిలబెట్టిందంటారు. విడాకులైన భర్త ఇల్లు ఆమె ఎందుకు నిలబెట్టాలి? మగవాడి ఇష్టానికి అయిన ఖర్చు ఎప్పుడూ ఒక ఆడమనిషి లెక్కలోనే ఎందుకు పడుతుంది?

పెద్దనాన్న: ఇంతసేపు ఆయన వకీలువు నువ్వే కదా.

అమ్మాయి: ఆయన వెళ్ళడాన్ని సమర్థించాను. ఆ ఖర్చు ఆమె నెత్తిన పడడాన్ని కాదు.

పెద్దనాన్న: రెండూ ఒక్కటే తాడు. ఒక కొస గుంజితే ఇంకో కొస వస్తది. ఆమె ఎందుకు వచ్చిందో ఎవరికెరుక. పిల్లల కోసం కావచ్చు. పాడువడ్డ ఇల్లు చూడలేక కావచ్చు. ఆయన మీద ఇంకా ఏదన్న మిగిలి ఉండొచ్చు. విడిపోయిన మనుషులకు ఏం మిగులుతదో నాకు తెల్వదు. నీకే తెలువాలె.

అమ్మాయి: మీకు తెలుసా?

పెద్దనాన్న: మీ అమ్మ చెప్పింది. రెండేండ్లాయె.

అమ్మాయి: అడగలేదేం?

పెద్దనాన్న: అడిగితే చెప్తుంటివా?

(జవాబు రాలేదు. చాయ్ ఇంకోసారి వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లతో. నేను లేవబోతే పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఇద్దరే మిగలడం ఆయనకు ఇష్టం లేదు.)

అమ్మాయి: మీ అలమారలో చలం పుస్తకాలన్నీ ఉన్నాయి. నాకు పదో తరగతి సెలవుల్లో ఇచ్చింది కూడా మీరే. మనసుకు నచ్చినట్టు బతకమని రాసిన మనిషిని అంత ఇష్టంగా చదివి, మీరు మాత్రం ఈ గేటు దాటలేదు.

పెద్దనాన్న: చలం 1950ల బెజవాడ ఇడిసి అరుణాచలం పోయిండు. పోయేటప్పుడు బిడ్డ సౌరిస్ ఎంట పోయింది. చనిపోయేదాక, 1979 దాక, బిడ్డ నీడలనే ఉన్నడు. చలం కూడా ఒంటిగ పోలే. ఇది ఎవ్వరూ చూడరు. స్వేచ్ఛ అనంగనే ఒక్కడే నడుస్తున్న మనిషి కండ్ల ముందటికి వస్తడు, ఎనక మూట మోసేటోళ్ళు కనబడరు.

అమ్మాయి: మళ్ళీ ఒక కూతురే మోసింది చూడండి.

పెద్దనాన్న: ఔ. మల్ల కూతురే.

అమ్మాయి: మీరేమీ అనుకోనంటే ఒక మాట అంటా. మీకు ఢిల్లీలో రీసెర్చ్ సీటు వచ్చింది. తాతకు పక్షవాతం రావడంతో వదిలేశారు. నాన్న ఉద్యోగానికి పోయాడు, అత్తలు పెళ్ళిళ్ళై పోయారు, మీరు ఉండిపోయారు. అది గొప్ప పనే. కానీ ఉండిపోయి మా అందరినీ బాకీదారులను చేశారు.

పెద్దనాన్న: బాకీ అని నేనెప్పుడన్న?

అమ్మాయి: అనరు. నల్లా బిల్లు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. ఇంటిపన్ను రసీదు పెడతారు. మోరీ నిండితే మోరీ. మిద్దె కురిస్తే గోడ మీద చెమ్మ. కింద ఒక్క మాట ఉండదు. పర్త్‌లో పొద్దున లేచి ఫోన్ చూస్తే నా మొదటి దర్శనం మన మోరీ.

పెద్దనాన్న: మామిడికాయలు కూడా పెట్టిన కదా.

అమ్మాయి: పెట్టారు. తినడానికి ఎవరూ లేరు అన్నట్టుగా పెట్టారు.

(ఇక్కడ నాకు నవ్వాగలేదు. ఆ గ్రూపులో నేను లేను గానీ ఫొటోలు తీయించుకునేది నాతోనే. మాట రాయకుండా నింద వెయ్యడం ఆయనకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు.)

పెద్దనాన్న: సరే, బాకీ అనే అనుకుందాం. అందుకే కదా సంతకం పెట్టు అంటున్న. ఇల్లు పోతే బాకీ కూడా పోతది. నువ్వెందుకు పెట్టవ్?

అమ్మాయి: నేను ఎవరో నాకు గుర్తుచేసేది ఇదొక్కటే ఇల్లు. అక్కడ నాకు ఉద్యోగం ఉంది, పౌరసత్వం ఉంది. ఎక్కడిదానివి అంటే హైదరాబాద్ అంటా. ఇక్కడికి వస్తే ఎప్పుడొచ్చావు, ఎప్పుడు పోతావు అని రెండు ప్రశ్నలు కలిపే అడుగుతారు. ఈ గేటు తీసినప్పుడు ఎవరూ ఏమీ అడగరు. అది పోతే ఇక నేను రెండుచోట్లా అద్దెకున్నట్టే.

పెద్దనాన్న: నీకు కావాల్సింది ఇల్లు కాదు బిడ్డా. ఇంట్ల ఒక మనిషి. గేటుకు తాళం ఉండొద్దు. పోయినా, మర్చినా, పదేండ్లకొకసారి వచ్చినా, ఈడ ఒకడు ఉండాలె. ఆ ఒకడు నేను. ముకర్రం జాకు కూడా గిదే కావాలె. ప్యాలెస్‌లు ఉండాలె, తను ఉండొద్దు. లండన్ బ్యాంకుల నిజాం పైసల కేసు 2019ల తేలింది కదా, తీర్పుల భారత సర్కారుతోని కలిపి ఆయన పేరు, తమ్ముని పేరు వచ్చినయ్. గొర్రెల కాడున్నా, టర్కీల ఉన్నా పేరు ఇడువలే. పేరు ఉంచుకొని పని ఇడిసిపెట్టుడే నాకు నచ్చదు.

అమ్మాయి: చివరికి వచ్చాడు కదా. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోతే, మక్కా మసీదులో పెట్టమన్నాడు.

పెద్దనాన్న: వచ్చిండు. చౌమహల్లాల శవాన్ని పెడితే నేను కూడా పోయి వరుసల నిలబడ్డ. నా ముందట ఒక ముసలామె, తండ్రి ఆ ప్యాలెస్‌ల దీపాలు తుడిచెటోడంట. ఏడుస్తున్నది. జీతం ఇయ్యని నవాబు కోసం ఎందుకమ్మా అని అడగబుద్ధయింది. అడగలే.

అమ్మాయి: బతికుండగా వస్తే కేసులు, జీతాలు, అన్నల పిల్లలు, తమ్ముల పిల్లలు. శవాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అందుకే అప్పుడు వచ్చాడు. మనిషి బతికుండగా రాగలిగే ఇల్లు ఉంటే వచ్చేవాడు. మీరేమో ఉన్న ఇంటిని పడగొడదామంటున్నారు.

పెద్దనాన్న: నేను పడగొట్టేది ఎందుకో అడిగినవా?

అమ్మాయి: ఎందుకు?

పెద్దనాన్న: మోకాళ్ళు. ట్యాంకుల నీళ్ళు నిండినయా లేదా చూడనీకి మిద్దె ఎక్కలేకపోతున్న. రాత్రి లేస్తే ఈ షాబాద్ బండల మీద చలికి కాళ్ళు పట్టేస్తున్నయ్. నాకు లిఫ్టు కావాలె. పక్క ఫ్లాట్‌ల చప్పుడు ఇనబడాలె.

అమ్మాయి: ఇంత చిన్న మాట. ముందే చెప్పొచ్చు కదా!

పెద్దనాన్న: చెప్తే నువ్వు నెలకింత అని ఒక మనిషిని పెట్టిస్తవ్. ట్యాంకు చూడనీకి ఒకడు, నన్ను చూడనీకి ఒకడు. ఆన్‌లైన్‌ల పైసలు పంపి, కెమెరాల చూస్తవ్. నాకు గదంత వద్దు. లిఫ్టే కావాలె.

(ముకర్రం జా గురించి ఆయన అంత చరిత్ర ఎందుకు చెప్పారో నాకప్పుడు తెలిసింది. మోకాళ్ళ సంగతి చెప్పుకోవడం కన్నా నిజాం సంగతి చెప్పడం సులువు.)

అమ్మాయి: మామిడి చెట్టు?

పెద్దనాన్న: పార్కింగ్‌ల పోతదన్నడు బిల్డర్.

అమ్మాయి: చెట్టు ఉంచి ప్లాన్ గీయమనండి. సెల్లార్‌కు దారి ముందు నుంచి తియ్యొచ్చు. నేను ఆ డ్రాఫ్ట్ అగ్రిమెంట్ మొత్తం చదివాకే పెడతా. బిల్డింగ్‌కు తాత పేరు పెట్టాలని కూడా రాయించాలి.

పెద్దనాన్న: పేరు వద్దు. హిమాయత్ అలీని చూసినం కదా.

అమ్మాయి: తాత పేరు లేకుంటే సంతకం లేదు.

పెద్దనాన్న: పేరు పెట్టి నువ్వు పర్త్ పోతవ్. ఆ పేరు మీద వచ్చిన కొరియర్లన్నీ నేను తీసుకోవాలె.

అమ్మాయి: తీసుకోండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.